అలుప్కా కోటగోడపై ఆరుసార్లు

2012 వేసవిలో మేము క్రిమియా వెళ్ళాము. మా అబ్బాయి సింఫెరోపోల్ నగరంలో వైద్యవిద్య చివరి సంవత్సరానికి చేరుకున్నాడు. చదువు ముగిసేలోగా ఒకసారి వచ్చి చూడండని వాడు పట్టుబట్టడంతో, గుంటూరు దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళని మేమిద్దరమూ ఆ నల్లసముద్ర తీరానికి ప్రయాణమైనాము.

సింఫెరోపోల్ నుండి యాల్టాకు సుమారు 86 కిలోమీటర్లు. కొండలమీదుగా విద్యుత్ తీగల ఆధారంతో నడిచే ట్రాలీబస్సులో ఆ దూరమంతా సాగిపోయాము. యాల్టా నుండి పడమరగా మరికొంత దూరం వెళితే అలుప్కా వస్తుంది. వెనుక ఐ-పెట్రి పర్వతం, ముందు సముద్రం, నడుమ ఇరుకైన వీధులూ సైప్రస్ చెట్లూ గల చిన్న ఊరు అది. ఆ ఊరికి పేరు తెచ్చినది వొరొంత్సోవ్ ప్రభువు భవనం.

మిఖాయిల్ వొరొంత్సోవ్ రష్యా చక్రవర్తి తరఫున దక్షిణ ప్రాంతాలను పాలించిన గవర్నర్ జనరల్. తండ్రి లండన్‌లో రాయబారి కావడంవల్ల ఆయన ఇంగ్లాండులోనే పెరిగాడు. 1828 నుండి 1848 వరకు, ఇరవై యేళ్ళపాటు ఈ భవనాన్ని కట్టించాడు. దీనికి నమూనా గీసిన ఎడ్వర్డ్ బ్లోర్ అనే ఆంగ్లేయుడు క్రిమియాలో అడుగైనా పెట్టలేదు. ఉలికి లొంగని డయబేస్ అనే ఆకుపచ్చ ఛాయగల రాతిని చెక్కినవారు రష్యా పల్లెల నుండి రప్పించిన అర్ధబానిసలు. గైడు ప్రభువు పేరును పదేపదే చెప్పింది గాని, ఆ చెక్కినవారిలో ఒక్కరి పేరైనా మా చెవిన పడలేదు.

ఉత్తరం వైపు చూస్తే అది ఆంగ్లేయుల కోట. దక్షిణం వైపుకు తిరిగి, పాలరాతి సింహాలున్న మెట్లు దిగి వెనుదిరిగి చూసినప్పుడు మా అడుగులు ఆగిపోయాయి. మొఘలుల దర్వాజాలను తలపించే ఎత్తైన కమాను, దానిలో తెల్లని అలంకరణ, ఆ పైన అరబీ అక్షరాలు! 'వలా గాలిబ ఇల్లల్లాహ్'. అల్లాహ్ తప్ప విజేత ఎవరూ లేరు. గ్రనడా సుల్తానులు అల్‌హమ్రా గోడలనిండా చెక్కించుకున్న వాక్యమది. ఇక్కడ ఆరుసార్లు చెక్కబడి ఉన్నది.

అంత దూరదేశంలో మాకు చదవవచ్చిన మొదటి అక్షరాలు అవే. కళ్ళు చెమర్చాయి. వెంటనే మరో ఆలోచన కలిగింది. 1783లో తాతార్ ముస్లిముల ఖానేటును కలుపుకున్న సామ్రాజ్యపు ప్రతినిధి, ఈ వాక్యాన్ని తన గుమ్మంపై కేవలం అందం కోసమే పెట్టుకున్నాడా?

జుహర్ నమాజు ముగించుకొని సముద్రం వైపు నడుస్తుండగా, కీమాపెట్టి నూనెలో వేయించిన చెబురెకులు అమ్ముతున్న ఒక వృద్ధురాలు మా తలపైనున్న దుపట్టా చూసి 'సెలాం అలైకుమ్, ఖిజిమ్' అని పలకరించింది. ఖిజిమ్ అంటే 'నా బిడ్డా' అని అబ్బాయి చెప్పాడు. వాడు రష్యన్‌లో అడుగుతూ మాకు వివరించాడు. ఆమె క్రిమియా తాతార్. పుట్టింది ఉజ్బెకిస్తాన్‌లో. 1944 మే 18న స్టాలిన్ ఆజ్ఞతో ఆ జాతి మొత్తాన్ని సామాను రైళ్ళలో ఎక్కించి పంపివేశారు. అప్పటికి ఆమె తల్లి చిన్నపిల్ల. సోవియట్ పాలన చివరిదశలో గాని తిరిగివచ్చే వీలు కలగలేదు. ఆ జాతి వెళ్ళగొట్టబడిన తొమ్మిది నెలలకే, 1945 ఫిబ్రవరిలో, యాల్టా సమావేశానికి వచ్చిన చర్చిల్ ఈ భవనంలోనే బస చేశాడన్న సంగతి మాకు అప్పుడు గుర్తుకువచ్చింది.

ఆమె కోటవైపు చూపి ఒక కోరిక కోరింది. 'ఆ రాతకు అర్థం గైడ్లు చెబుతుంటే విన్నాను. అరబీలో ఎలా పలుకుతుందో వినలేదు. మీరు చదవండి.' ఆ జాతి అరబీ లిపిని 1920లలో లాటిన్‌గా, 1938లో రష్యన్ లిపిగా మార్చివేశారు. తాతల అక్షరాలు మనుమరాలికి అందలేదు.

మేము చదివాము. ఆమె నెమ్మదిగా మా వెంట పలికింది. మరొకసారి అన్నది, మళ్ళీ చదివాము. చెబురెకులకు డబ్బు తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో మాకు సిగ్గు కలిగింది. అర్థం తెలిసి అక్షరం అందని ఆమె ఎంత ఆర్తితో అడిగింది! అక్షరం తెలిసిన మేము, ఎన్ని ఆయతులను అర్థం అడగకుండానే ఏళ్ళతరబడి వల్లించాము!

2014లో రష్యా క్రిమియాను ఆక్రమించింది. మరల ఒక విజేత వచ్చాడు. అప్పటికే మా అబ్బాయి పట్టాతో ఇంటికి చేరాడు. ఆ తల్లి ఏ స్థితిలో ఉన్నదో మాకు తెలియదు. దుఆలో ఆమెను మరువము. సాయంత్రాలు మా ఇంటికి ఖుర్ఆన్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ఇప్పుడు ప్రతి ఆయతునూ మొదట చదివించి, తరువాత తెలుగులో దాని అర్థం చెప్పిస్తున్నాము.