ఊహించని జవాబు

ప్రోగ్రాములు రాయడం కొత్తగా నేర్చుకొనే విద్యార్థికి స్విచ్ వాక్యం త్వరగా మచ్చికవుతుంది. తెరమీద ఒక పట్టిక కనిపిస్తుంది: కూడికకు 1, తీసివేతకు 2, ముగింపుకు 3. ఎదుట కూర్చున్నవారు ఒక మీట నొక్కుతారు. ఆ అంకెతో ఉన్న ‘కేస్’ శాఖకు యంత్రం సూటిగా వెళుతుంది. రైలుబండిని కూడలిలో తగిన పట్టాలపైకి మళ్ళించడం వంటిదే ఇది.

అయితే 1970వ దశకం తొలినాళ్ళలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన సీ భాషలో ఈ వాక్యానికొక విచిత్ర స్వభావం ఉంది. ఒక శాఖలో ప్రవేశించిన యంత్రం ‘బ్రేక్’ అనే ఆజ్ఞ ఎదురయ్యేవరకు కింది శాఖలలోనికి కూడా జారిపోతుంది. కూడిక కోరినవారికి తీసివేత ఫలితం కూడా దర్శనమిస్తుంది. ఇంతటి ఔదార్యాన్ని ఎవరూ కోరరు!

పట్టికను లూప్‌లో ఉంచినప్పుడు మరొక చిక్కు. 3 నొక్కగానే అంతా ముగియాలని విద్యార్థి ఆ శాఖలో బ్రేక్ రాస్తాడు. పట్టిక మరల ప్రత్యక్షమవుతుంది. తనను అతి సమీపంగా చుట్టియున్న స్విచ్‌నుండో, లూప్‌నుండో మాత్రమే బయటికి తేవడం బ్రేక్ ధర్మం. ఇక్కడ సమీపాన ఉన్నది స్విచ్.

ఈ ధర్మాన్ని ఆరితేరినవారు సైతం ఏమరుతారు. 1990 జనవరి 15న ఏటీ అండ్ టీ సంస్థవారి దూరప్రాంత టెలిఫోను వ్యవస్థ అమెరికాలో సుమారు 9 గంటలు తల్లడిల్లింది. స్విచ్‌లోపలి ఇఫ్ వాక్యంలో ఉంచిన ఒక బ్రేక్, చేయవలసిన పనిని దాటించివేయడమే దానికి మూలం. కోలుకొన్న ఎక్స్ఛేంజి పొరుగువాటికి సందేశాలు పంపేది. వెంటవెంటనే రెండు సందేశాలు అందుకొన్న పొరుగుది కుప్పకూలేది. అది కోలుకొని మరికొన్నిటిని కూల్చేది. కోట్లాది పిలుపులు గమ్యం చేరలేదు. అక్కడ జవాబులు పంపినవి యంత్రాలే. అవి కూడా రచయిత ఊహించిన వరుసలో రాలేదు.

ఇక మనుషుల సంగతి చెప్పనక్కరలేదు. పాఠ్యపుస్తకంలోని వ్యక్తి ఎల్లప్పుడూ 1, 2, 3లలో ఒకటే నొక్కుతాడు. లోకంలోని వ్యక్తి 7 నొక్కుతాడు, ‘ఒకటి’ అని అక్షరాలలో రాస్తాడు. అంకెకోసం వేచియున్న స్కాన్‌ఎఫ్‌కు అక్షరం ఎదురైతే దానిని అక్కడే వదలివేస్తుంది. లూప్ తిరిగివచ్చి అదే అక్షరాన్ని ఢీకొంటుంది. పట్టిక ఆగకుండా తెరమీద పరుగులు తీస్తుంది. పోనీ, అంకెకు బదులు అక్షరంగానే చదువుదామంటే, 1 అనే గుర్తు సాధారణంగా యంత్రానికి 49 అనే సంఖ్య. ‘కేస్ 1’ దానిని గుర్తించదు.

పంక్తినంతటినీ ముందుగా పాఠంగా చదివి, పరిశీలించి, ఆ తరువాతనే స్విచ్‌కు అప్పగించడం మేలైన పద్ధతి. ఏ శాఖకూ చెందని జవాబుకు ‘డిఫాల్ట్’ శాఖ ఉన్నది. చాలామంది అందులో ‘తప్పు’ అనే ఒక్క మాట రాసి ఊరుకొంటారు. మొదటిసారి మీటల ముందు కూర్చున్న వృద్ధురాలికి ఆ మాటవల్ల ఏమి తెలుస్తుంది? “1, 2, 3లలో ఒకటి నొక్కండి” అని చెప్పి, పట్టికను మరల చూపడానికి రెండు పంక్తులు చాలు.