చందా ఎక్కడ కట్టాలి?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు తిరగేస్తుంటే ఒకదాని చివరి పేజీలో చందా కాగితం కనిపించింది. పేరు, ఊరు, పోస్టాఫీసు, జిల్లా. అది నింపి మనియార్డరు కట్టేస్తే అయిపోయేది. కాస్త కుళ్లుకున్నాను.

మా న్యూస్‌లెటర్‌కి చందా పెడదామని నెల రోజులుగా ఇద్దరం తన్నుకుంటున్నాం మరి. సబ్‌స్టాక్ తేలిక. మొదలుపెట్టడానికి పైసా అక్కర్లేదు, కొత్త పాఠకులూ దొరుకుతారు. కానీ వచ్చే చందాలో 10 శాతం దానిది. ఘోస్ట్ వాటా అడగదు, నెలనెలా అద్దె అడుగుతుంది. రెండింటిలోనూ చందా డబ్బు రావాల్సింది స్ట్రైప్ మీదుగా. ఆ స్ట్రైపేమో 2024 నుంచి మన దేశంలో ఆహ్వానం ఉన్నవాళ్లకే కొత్త ఖాతా ఇస్తోంది. మమ్మల్నెవరు పిలుస్తారు!

నాంపల్లి స్టేషన్ దగ్గర చాయ్ తాగుతూ మా స్నేహితురాలు అడిగింది: "రేపు ఇక్కణ్ణుంచి ఖాళీ చేయాల్సొస్తే మనతో ఏం తీసుకెళ్తాం?"

పాఠకుల జాబితా. అది రెండు చోట్లా దింపుకోవచ్చు. సగం గొడవ అక్కడే తీరింది.

చివరికి ఘోస్ట్ తీసుకున్నాం. ఏడాదికి 500, యూపీఐలో ఒక్కసారే. కట్టినవాళ్ల పేరుకి లేబుల్ తగిలించి, వాళ్లకే ఉత్తరం పంపుతాం. అంతా చేతిపనే. ఉన్నది నూట నలభై మంది. వెయ్యిమందైతే అప్పుడు ఏడుద్దాం.

నిన్న రాత్రి మొదటి ఐదొందలు పడ్డాయి. పేరుంది, ఈమెయిల్ లేదు. మా జాబితాలో ఆ పేరుతో ముగ్గురున్నారు.