రోజూ తిరిగే పద్మినికి టైర్లు

పాత కారు కనిపిస్తే చాలామంది ముందు రంగు చూస్తారు. తర్వాత క్రోమ్ బంపర్ మెరుపు, బెంచీలా సాగిన ముందు సీటు, స్టీరింగ్ కిందే ఉండే గేరు. చూపు టైర్ల దాకా దిగడం అరుదు. ఆ కారును రోజూ నడిపేవాడికి మాత్రం మొదటి ఆలోచన టైర్ల మీదే ఉండాలి. ఎంత అందమైన బండైనా రోడ్డును తాకేది నాలుగుచోట్లే. ఒక్కోచోట అరచేయంత మేర. బ్రేకు తొక్కినా, మలుపు తిప్పినా, వానలో చప్పున ఆపినా భారమంతా మోసేది ఆ నాలుగు అరచేతులే.

మా ఇంట్లో ఉన్నది 1986 ప్రీమియర్ పద్మిని. పెళ్ళిళ్ళకు పూలు చుట్టి పంపే బండి కాదు. కవరు కప్పి ఉంచి, ఆదివారం తీసి తుడుచుకునే బండీ కాదు. విజయవాడలో పటమట నుంచి వన్‌టౌన్‌కు రోజూ వెళ్ళొస్తుంది. అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది, సంక్రాంతికి ఊరికి బయల్దేరుతుంది. ఇలాంటి బండికి టైర్లు కొనడం కొత్త కారుకు కొన్నంత తేలిక కాదు. కొత్త కారైతే సైజు చెబితే చాలు, షాపువాడు నాలుగు దించుతాడు. పద్మినికి మనమే కొంత చదువుకుని వెళ్ళాలి.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు పద్మినికి వేసిన టైరు సైజు 5.20-14. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. ఇటలీ ఫియట్ 1100డి కారును 1964 నుంచి బొంబాయి కుర్లాలో ఫియట్ డిలైట్ పేరుతో తయారుచేశారు. అదే 1970లలో పద్మిని అయింది, దాదాపు 2000 దాకా రోడ్ల మీదికి వస్తూనే ఉంది. మిషెలిన్ కంపెనీ రేడియల్ టైరుకు 1946లోనే పేటెంటు తీసుకుంది. మన దేశంలో జేకే టైర్ 1977లో రేడియల్ తెచ్చింది. అయినా పద్మిని సస్పెన్షన్, స్టీరింగ్ రూపుదిద్దుకున్నది అంతకు ముందుతరం టైరు కోసం. మనవాళ్ళు నైలాన్ టైరు అనే క్రాస్ ప్లై అది.

ఈ రెంటికీ తేడా లోపలి దారాల్లో ఉంది. క్రాస్ ప్లైలో దారాల పొరలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోస్తూ ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతాయి. పక్కగోడా, రోడ్డును తాకే పైభాగమూ ఒకే కట్టు. గోడ వంగితే పైభాగం కూడా నలుగుతుంది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా, తిన్నగా పోతాయి. వాటిపైన ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. మలుపులో గోడ ఎంత వంగినా పైభాగం రోడ్డుకు చదునుగా అంటుకునే ఉంటుంది. అందుకే రేడియల్‌కు పట్టు ఎక్కువ, అరుగుదల తక్కువ, వేడెక్కడం తక్కువ.

నైలాన్ టైర్ల మీద బండి నడిపినవాళ్ళకు పొద్దున్నే వచ్చే ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. రాత్రంతా కదలకుండా ఉన్న బండిలో, నేలకు ఆనుకున్నచోట నైలాన్ చదునుగా బిగుసుకుపోతుంది. ఉదయం బయల్దేరగానే టక్ టక్‌మంటూ స్టీరింగ్ వణుకుతుంది. నాలుగు కిలోమీటర్లు పోయి, టైరు వెచ్చబడ్డాకగానీ అది సర్దుకోదు. రోడ్డు మీద పొడవుగా గాళ్ళు పడి ఉంటే టైరు వాటి వెంట పోవాలని చూస్తుంది, చెయ్యి గట్టిగా పట్టుకోవాలి. వానకు తడిసిన నున్నటి తారు మీద బ్రేకు తొక్కడానికి ముందే మనసు జాగ్రత్తపడుతుంది. అయితే నైలాన్ టైరుకు ఒక మంచి గుణం ఉంది. పట్టు తప్పబోయే ముందు మెల్లగా జారుతూ హెచ్చరిస్తుంది. రేడియల్ చాలాసేపు పట్టి ఉంచుతుంది గానీ, వదిలేటప్పుడు కాస్త చప్పునే వదులుతుంది. ఈ సంగతి తెలుసుకుని నడిపితే రేడియల్‌తో భయం లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో 5.20-14 ఉందా అని అడిగాను. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, “ఈ సైజు అడిగేవాళ్ళే లేరండీ. ఉండండి, పైన చూస్తాను” అన్నాడు. కుర్రాడు నిచ్చెనెక్కి, అటక మీంచి ఒక టైరు దించాడు. బటన్లు పదునుగా, ఒక్క మైలు తిరగనట్టు ఉన్నాయి. తడిగుడ్డతో పక్కగోడ తుడిచాను. కోడిగుడ్డు ఆకారంలో గీసిన చిన్న గడిలో నాలుగంకెలు కనిపించాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్టు. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది, దాన్ని చూడనే అక్కర్లేదు. ఆ టైరు వయసు ఏడేళ్ళు దాటింది. పక్కగోడను బొటనవేలితో వంచి నొక్కితే, అచ్చు అంచుల దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్ళు విచ్చుకున్నాయి. తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. అందులోనూ మన ఎండల్లో, రేకుల కప్పు కింద అటకల మీద.

పెద్దాయన కూడా నచ్చజెప్పే ప్రయత్నం చేయలేదు. “మీరు రోజూ తిప్పే బండికి ఇది వద్దులెండి. రేడియల్ వేసుకోండి” అన్నాడు. తన సరుకు అమ్ముడుపోకపోయినా నిజం చెప్పిన షాపు అది. అలాంటి షాపు దొరికితే వదులుకోకూడదు.

ఇక అసలు లెక్క ఏ రేడియల్ అన్నది. టైరు మీద 165/80 ఆర్14 అని ఉందనుకోండి. 165 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మి.మీ. పైనా కిందా కలిపితే 264. 14 అంగుళాల రిమ్ము 355.6 మి.మీ. అంతా కలిపితే టైరు వ్యాసం దాదాపు 62 సెం.మీ. పాత 5.20-14 వ్యాసం సుమారు 61. తేడా ఒక్క సెంటీమీటరే, స్పీడోమీటరు లెక్క తప్పదు. పైగా స్విఫ్ట్, డిజైర్‌లలో కొన్ని మోడళ్ళకు వేసే సైజు ఇదే. అందువల్ల ఏ ఊళ్ళో అడిగినా దొరుకుతుంది, సరుకు ఎప్పటికప్పుడు అమ్ముడుపోతుంది కాబట్టి తాజాగానూ ఉంటుంది.

ఇక్కడే కొందరు 165/65 ఆర్14 అంటగడతారు. రిమ్ముకు ఎక్కుతుంది కదా అంటారు. ఎక్కుతుంది నిజమే. కానీ దాని వ్యాసం 57 సెం.మీ. బండి రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, మన స్పీడ్ బ్రేకర్లకు కింద గీసుకుంటుంది. చక్రం ఎక్కువసార్లు తిరగాల్సి రావడంతో 1,089 సీసీల ఆ పాత ఇంజను హైవే మీద అరుస్తుంది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి పోయేది 56 దగ్గరే. ప్రతి కిలోమీటరుకూ ఆ భారం ఇంజను మీద పడుతూనే ఉంటుంది.

లావు టైరు వేస్తే బండికి ఠీవి వస్తుందనుకునేవాళ్ళూ ఉన్నారు. పద్మినికి అది మేలు చేయదు. పవర్ స్టీరింగ్ లేదు. వెడల్పు పెరిగినకొద్దీ, సందులో బండి తిప్పేటప్పుడు భుజాలు నొప్పెడతాయి. ఆ బరువంతా కింగ్‌పిన్ల మీద, బుష్‌ల మీద పడుతుంది. పాత రిమ్ము సన్నం. దానిమీద మరీ లావు టైరు కూర్చుంటే గోడలు లోపలికి ముడుచుకుని పైభాగం ఉబ్బుతుంది, మధ్యలోనే అరుగుతుంది. కాబట్టి 165 కూడా వేసేముందు రిమ్ము వెడల్పు కొలిపించాలి, ఆ టైరు కంపెనీ ఏ వెడల్పుకు ఒప్పుకుంటుందో అడగాలి. బిగించాక స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, మడ్‌గార్డుకు ఎక్కడైనా తగులుతోందేమో చూడాలి. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి మళ్ళీ చూడాలి.

సైజు పక్కన 85టీ లాంటి గుర్తు ఉంటుంది. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదని, టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుందని. అయిదుగురు, సామాను కలిపినా పద్మిని బరువు టన్నున్నర దాటదు, వేగం ఆ దరిదాపులకు పోదు. అంతకన్నా పెద్ద రేటింగుకు డబ్బు పెట్టాల్సిన పనిలేదు. ఆ డబ్బు అలైన్‌మెంట్‌కు, నాలుగు డ్రమ్ బ్రేకుల సర్వీసుకు పెడితే బండి మరింత నమ్మకంగా ఆగుతుంది.

ట్యూబు సంగతి మరవకూడదు. ఇప్పటి రిమ్ములకు లోపల చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా టైరు అంచు లోపలికి జారకుండా అది ఆపుతుంది. పాత రిమ్ములకు ఆ గట్టు ఉండదు. కొన్నిటికి రివెట్లు ఉంటాయి, వాటి సందుల్లోంచి గాలి పోతుంది. అందుకే ట్యూబ్‌లెస్ రేడియల్ కొన్నా, పద్మినిలో ట్యూబు వేయాల్సిందే. అదీ రేడియల్‌కు సరిపోయే కొత్త ట్యూబు. బిగించేముందు టైరు లోపల చెయ్యి పెట్టి చూడమని కుర్రాడికి చెప్పండి. కంపెనీ అంటించిన చిన్న కాగితం స్టిక్కరు ఉంటే పూర్తిగా గీకి తీసేయాలి. లేకపోతే దాని అంచు ట్యూబును రోజూ ఒరుసుకుంటూ, ఒకనాడు హైవే మీద చిల్లు పెడుతుంది. రిమ్ము లోపలి తుప్పును కూడా ఇసుక కాగితంతో రుద్ది, పెయింటు వేయించాలి.

కొనేటప్పుడు నాలుగూ ఒకే రకం కొనాలి. ముందు రెండు రేడియళ్ళు, వెనక రెండు నైలాన్లు వేయడం అన్నిటికన్నా ప్రమాదం. ముందువైపు రోడ్డును పట్టుకుంటుంది, వెనకవైపు జారుతుంది, మలుపులో బండి గింగిరాలు తిరుగుతుంది. స్టెప్నీ కూడా అదే రకం ఉండాలి. గాలి విషయంలో పాత పుస్తకంలో రాసినవి నైలాన్ టైర్ల అంకెలు. రేడియల్‌కు కొంచెం ఎక్కువ కావాలి. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించుకోవాలి. మే నెల మధ్యాహ్నం గాలి ఎక్కువ చూపించిందని తీయించేస్తే, సాయంత్రానికి తక్కువైపోతుంది.

రేడియల్ వేస్తే కారు అసలుతనం పోతుందని బాధపడే మిత్రులున్నారు. వాళ్ళ ప్రేమ నాకు అర్థమవుతుంది. ప్రదర్శనకు పెట్టే కారుకు పాత సైజు నైలాన్ టైరే అందం. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన వాహనానికి ప్రత్యేకంగా వీఏ సిరీస్ నంబరు తీసుకోవచ్చు. కానీ అలా తీసుకున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీ తిప్పకూడదు. పాత కారును యథాతథంగా దాచుకోవడం ఒక బాధ్యత, రోజూ నడుపుకోవడం మరో బాధ్యత అని ఆ నిబంధనే ఒప్పుకుంటోంది. విదేశాల్లో పాత కార్ల కోసం ప్రత్యేకంగా పోసే టైర్లు తెప్పించుకుందామన్నా, 2020 జూన్ నుంచి కార్ల కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలి. సదాశివపేటలో ఎమ్మార్ఎఫ్, తిరుపతి జిల్లా చినపండూరులో అపోలో కర్మాగారాలు నడుస్తున్న మన గడ్డ మీద, రోజువారీ బండికి టైరు కోసం సముద్రం దాటనవసరం లేదు.

చట్టం ప్రకారం బటన్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వాన కురిసే ఊళ్ళో 3 దగ్గరే మార్చడం తెలివి. పాత కార్లు నడుపుతున్న మిత్రులకు నా మాట ఒకటే. రంగు వచ్చే ఏడాది వేయించుకోవచ్చు, సీట్లు ఆ తర్వాత కుట్టించుకోవచ్చు. టైర్లను మాత్రం తొలకరి పడకముందే తేదీ చదివి, వ్యాసం లెక్కగట్టి, నాలుగూ ఒకేసారి మార్పించండి. మన పాత కారు మీద మనకున్న ప్రేమకు ఎదుటి స్కూటరువాడు మూల్యం చెల్లించకూడదు.