ఏడిపించాల్సిన ఇంజన్

బండి అమ్మిన పెద్దాయన, స్టార్ట్ చేయడానికి ముందే నాకు దాన్ని ఆపడం నేర్పారు. డాష్‌బోర్డు కింద రెండు కేబుళ్లున్నాయి. నల్ల పిడి లాగితే డీజిల్ ఆగుతుంది. అది రోజూ వాడేది. ఎర్ర పిడి లాగితే ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలో రేకు మూత అడ్డం పడుతుంది. అదీ పనిచేయకపోతే? సీటు కింద నుంచి రబ్బరు అంటించిన ప్లైవుడ్ చెక్క తీసి నా చేతిలో పెట్టారు. "గాలి దారికి ఇది అడ్డం పెట్టు. చెయ్యి మాత్రం పెట్టకు" అన్నారు. ఇంజెక్టర్ ఇరుక్కుపోయినా, బ్లోయర్ సీలు పోయి ఇంజన్ తన ఆయిల్ తానే తాగడం మొదలెట్టినా ఇక తాళం చెవి మాట వినదట. ఊపిరి ఆపితేనే ఆగుతుంది.

ఇది పోయిన అక్టోబరు మాట. ఊరు మిషిగన్ మధ్యలో క్లేర్ దగ్గర. బండి 1971 షెవర్లే సీ20 పికప్. ఫ్యాక్టరీ నుంచి పెట్రోల్ ఇంజన్‌తో వచ్చింది. అది అరిగిపోయాక, పాతికేళ్ల కిందట, ఆయన దాన్ని దించేసి, అడవిలో దుంగలు లాగే పాత స్కిడ్డర్ నుంచి విప్పిన డెట్రాయిట్ డీజిల్ 4-53 ఎక్కించారు. నాలుగు సిలిండర్లు, ఒక్కోటీ 53 ఘనపు అంగుళాలు. పేరు అక్కడి నుంచే వచ్చింది. మొత్తం కలిపి మూడున్నర లీటర్లు, దాదాపు 140 హార్స్ పవర్. బరువు 500 కిలోల పైమాటే. ఆ బరువుకి ముందు స్ప్రింగులు మార్చారు, మౌంట్లు సొంతంగా వెల్డింగ్ చేసుకున్నారు, ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య అతికే ప్లేటు లేత్ మీద తీయించారు. బానెట్ ఎత్తి చూస్తే తొందరపడిన చెయ్యి ఎక్కడా కనిపించలేదు. ప్రతి పైపుకీ క్లాంపు, ప్రతి వైరుకీ గుర్తు. ఆ పనితనం చూసే కొన్నాను.

ఇది టూ స్ట్రోక్ డీజిల్. టూ స్ట్రోక్ అనగానే మనకు లూనా, పాత బజాజ్ స్కూటర్, పెట్రోల్లో ఆయిల్ కలపడం గుర్తొస్తాయి. ఇందులో ఆ కలపడాలేవీ లేవు. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్ గోడకున్న రంధ్రాలు తెరుచుకుంటాయి. పక్కన బిగించిన బ్లోయర్ వాటిలోంచి గాలిని లోపలికి నెడుతుంది. ఆ గాలి కాలిన పొగని పైనున్న వాల్వుల గుండా బయటికి తోసేస్తుంది. పిస్టన్ పైకి వెళ్తూ కొత్త గాలిని నొక్కుతుంది, డీజిల్ పడుతుంది, మండుతుంది. క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకీ ప్రతి సిలిండరూ ఒక దెబ్బ కొడుతుంది. మామూలు ఇంజన్ రెండు చుట్లకి ఒకటే కొడుతుంది. అందుకే 2,800 ఆర్పీఎం దగ్గర గవర్నర్ పట్టేసినా చెవికి 5,600 తిరుగుతున్నట్టు ఉంటుంది. దాని మీద బ్లోయర్ కూత. అమెరికన్లు దీన్ని 'అరిచే జిమ్మీ' అంటారు. జనరల్ మోటార్స్ వాళ్ల ఇంజన్ కాబట్టి జిమ్మీ.

1930లలో జనరల్ మోటార్స్‌లో చార్లెస్ కెట్టరింగ్ నడిపించిన పరిశోధనలో పుట్టిన వంశం ఇది. 71 సిరీస్ 1938లో, 53 సిరీస్ 1957లో వచ్చాయి. నార్మండీ తీరంలో సైనికుల్ని దించిన చిన్న పడవల్లో తిరిగింది ఈ 71లే. పెద్దాయన కుర్రతనంలో వియత్నాంలో ఎం113 కవచ వాహనం నడిపారు. దానిలోది 6వీ53, మా బండి ఇంజన్‌కి అన్నగారు. "ఆ అరుపు వినిపిస్తున్నంతసేపూ మేం క్షేమమే" అన్నారు, ఫెండర్ మీద చెయ్యి వేసి. మన రైల్వేలకు 1999లో వచ్చిన డబ్ల్యూడీజీ-4 లోకోది కూడా ఈ వంశమే. అక్కడ ఒక్కో సిలిండర్ 710 ఘనపు అంగుళాలు.

మా నాన్న ఆయిల్ ఇంజన్ల మెకానిక్. తెనాలి చుట్టుపక్కల కాలువ నీళ్లు తోడే ఇంజన్లన్నీ ఆయన చేతి కిందికి వచ్చినవే. ఆయన ముందు రెంచీ పట్టుకునేవాడు కాదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఆ పిడి నా చెవికి కూడా పెట్టాడు. లోపల వాల్వు కూర్చునే చప్పుడు, ఇంజెక్టర్ చిటుకు విడివిడిగా వినిపించాయి. ఎవరైనా రైతు రేజ్ ఎక్కువ పెడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "ఇంజన్ని ఏడిపించకూడదురా. ఏడిస్తే ఆయుష్షు తగ్గుద్ది" అనేవాడు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ ఏ కారు నడిపినా ఆ మాట నా కుడికాలిలో ఉంది.

ఈ బండినీ మొదట అలాగే నడిపాను, పెద్దాయన పక్కన కూర్చుని ఉండగా. మెల్లగా తొక్కి, త్వరగా పై గేరు వేశాను. బండి వణికింది, వెనక నల్లటి పొగ. "నువ్వు దాన్ని చంపుతున్నావు అబ్బాయ్" అన్నారు. "తలుపు సందులో వేలు నలిగినవాడిలా నడపాలి. గవర్నర్ ఆపేదాకా తొక్కు, అప్పుడు మార్చు." ఊరికే ఐడిలింగ్‌లో వదిలినా దీనికి పడదట. సరిగ్గా కాలని డీజిల్ సైలెన్సర్ దాకా జారుతుందట. కాలు నేలకి ఆనేలా తొక్కాను. క్యాబిన్ అంతా ఒకటే అరుపు. నా చేతులు చెమట పట్టాయి.

ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం ఐదున్నర. ఇందులో పోసేది మల్టీగ్రేడ్ కాదు, నలభై నంబరు ఆయిలే అని చెప్తే ముఖం వెలిగింది. ఆయన జీవితమంతా పోసింది అదే. స్టార్ట్ చేసి రేజ్ ఇచ్చాను.

"ఒరేయ్, ఆపరా ముందు! ఐదు వేలు తిరుగుతోంది."

"రెండున్నర వేలే నాన్నా" అని మీటర్ చూపించి, ప్రతి చుట్టుకీ కొడుతుందని చెప్పాను. ఏమీ మాట్లాడలేదు. ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టమన్నాడు. తెర మీద ఆయన ముఖం పోయి చెవి ఒక్కటే కనిపించింది. ఒక నిమిషం గడిచింది.

"నాలుగింట్లో ఒక దెబ్బ తేలిగ్గా పడుతోంది. పైపు నట్లు ఒక్కోటీ వదులు చేసి చూడు."

మన డీజిల్ మెకానిక్కులందరి పద్ధతీ అదే. పంపు నుంచి ఇంజెక్టర్‌కి వెళ్లే పైపు నట్టు వదులు చేస్తే ఆ సిలిండర్ ఆగిపోతుంది. అయినా శబ్దం మారలేదంటే జబ్బు దానిదే.

"ఇందులో ఆ పైపుల్లేవు నాన్నా."

"పైపు లేకుండా డీజిల్ ఎట్టా కొడతదిరా?"

పంపూ ఇంజెక్టరూ ఒకే ముక్కగా ప్రతి సిలిండర్ నెత్తినా కూర్చుని ఉంటాయి. ఆ సంగతి చెప్పగలిగాను గానీ తర్వాత ఏం చేయాలో నాకు తెలియలేదు. పెద్దాయనకి ఫోన్ చేశాను. రాకర్ కవర్ తీసి, ఐడిలింగ్‌లో ఉండగా ఇంజెక్టర్ ఫాలోయర్‌ని స్క్రూడ్రైవర్‌తో అదిమి పట్టమన్నారు. పట్టాను. మొదటిది నొక్కితే ఇంజన్ కుంటింది. రెండోదీ అంతే. మూడోది నొక్కితే పెద్దగా తేడా లేదు. ఎనిమిది వేల మైళ్ల అవతల నుంచి నాన్న విన్న దెబ్బ అదే.

బండితో పాటు పెద్దాయన ఒక రేకు డబ్బా ఇచ్చారు. అందులో ఇంజెక్టర్ ఎత్తు కొలిచే గేజి పిన్ను, వాడి వాడి అంచులు నున్నబడిన ఫీలర్ గేజీలు ఉన్నాయి. ఎంత డీజిల్ పడాలో చూసే నాలుగు ఇంజెక్టర్ల ర్యాకులనీ ఒకేసారి కదిలేలా సరిచేయడాన్ని ఇక్కడి మెకానిక్కులు 'ర్యాక్ పరిగెత్తించడం' అంటారు. ఒక్కో ర్యాకుకీ రెండు చిన్న స్క్రూలు. ఒకటి కాస్త వదిలి రెండోది కాస్త బిగించాలి, వేలితో ర్యాకుని నొక్కి అది తిరిగి లేచే తీరు చూడాలి. మూడోది వేలికి లొడలొడలాడింది. శనివారమంతా దానికే పోయింది. స్పీకర్లో ఒకసారి ఆయన, ఒకసారి నాన్న. నాన్నకి ఇంగ్లిష్ రాదు, ఆయనకి తెలుగు రాదు. 'ర్యాక్', 'టైట్', 'లూజ్', ఇద్దరికీ అవి చాలాయి.

నేను ఆఫీసులో బ్యాటరీ కార్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఈ ఇంజన్ పొగ సంగతి నాకు తెలుసు. ఆ పొగ నిబంధనల వల్లే 1990లలో కొత్త లారీల్లోంచి టూ స్ట్రోక్ డీజిళ్లు తప్పుకున్నాయి, అది సరైన పనే. నెలకి రెండుసార్లు, మంచు కోసం ఉప్పు జల్లని రోడ్డు మీద, అంతవరకే నడుపుతాను. అయినా దీన్ని తుక్కుకి వేయనివ్వను. పెద్దాయన చెయ్యి అందులో ఉంది.

ఆదివారం పొద్దున మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని ఫోన్ పట్టుకుంది. కాంటన్ దాటి మిషిగన్ అవెన్యూ మీద పడమరగా, ట్రాఫిక్ లేని చోట సెకండ్ గేర్లో పూర్తిగా తొక్కాను. థర్డ్. అరుపు పెరిగింది. ఈసారి దానిలో కుంటు లేదు, గీత గీసినట్టు ఒకే తీగ.

"నాలుగూ సమానంగా కొడుతున్నాయి" అంది ఫోన్లో గొంతు.

నా కాలు అలవాటుగా తేలింది, చెయ్యి గేరు మీదికి వెళ్లింది.

"అప్పుడే ఎందుకురా, ఇంకా ఉంది" అన్నాడు నాన్న. "తొక్కు."