డబ్బాకు ప్రతిపదార్థం

కడప సీమవాళ్లకు సముద్రంకంటె కువైట్ దగ్గర. నవ్వకండి. రాజంపేట, రాయచోటి వైపు యే వీధిలో అడిగినా, అక్కడ వంటయింట్లోనో కారు స్టీరింగు దగ్గరో వున్నవాళ్ల చుట్టమొకరు తగులుతారు. నెల్లూరు దిగి సముద్రం చూసివచ్చినవాళ్లనే కాస్త వెతకాలి. అంచేత సముద్రపు చేప మా యిళ్లకు రేవుమీదుగా గాక విమానంలో, సూట్‌కేసు అడుగున, చీరల మడతల మధ్య వస్తుంది. రేకు డబ్బాలో వచ్చే ఆ చేప పేరు ట్యూనా.

ఆ డబ్బాకు జరిగే మర్యాద చూడవలసినదే! అద్దాల బీరువాలో సెంటు సీసాలకూ ఖర్జూరం పెట్టెకూ నడుమ నిలబెడతారు. వచ్చినవాళ్లంతా చూస్తారు, యెవరూ తినరు. చివరకు యే ఆదివారమో తెగించి తెరిచి, చింతపండు పులుసులో వేసి కుతకుత వుడికిస్తారు. కర్మాగారంలో వొకసారి వుడికిన చేప మళ్లీ అంతసేపు వుడికితే కొబ్బరిపీచుకూ దానికీ తేడా వుండదు. "ఇంతేనా కువైట్ చేప!" అని పెదవి విరుస్తారు. పాపం, తప్పు చేపది కాదు.

నిరుడు వేసవిలో మా చిన్నమ్మ కూతురు సెలవుమీద వచ్చింది. పద్నాలుగేళ్లుగా అక్కడ వొక యింట్లో వంట చేస్తున్నది. కొడుకు యింజనీరింగు ఫీజు ఆ వంటయింట్లోనుంచే వస్తున్నది. కర్నూలులో మా యింటికి వచ్చి రెండు డబ్బాలు నా ముందు పెట్టింది. రెండింటి మీదా చేప బొమ్మే. వొకదాని ఖరీదు రెండోదానికి నాలుగింతలట. "యెందుకమ్మా?" అన్నాను.

"నువ్వు తెలుగు సారువి గదన్నా, చదువు" అంది.

పద్యాలకు ప్రతిపదార్థం చెప్పించడం నా వృత్తి. ఆనాడు నా చేత డబ్బాకు చెప్పించింది మా చెల్లెలు.

మొదట పదార్థాల పట్టిక. చేప, ఆలివ్ నూనె, వుప్పు అని మూడు మాటలతో ముగిస్తే మంచి రచన. మాటలు పెరిగినకొద్దీ అనుమానించాలి. కొన్నింటిలో కూరగాయల రసం కలుపుతారు. ముందువైపు "ఆలివ్ నూనె" అని పెద్దక్షరాలుంటాయి, వెనుక చిన్నక్షరాలలో పొద్దుతిరుగుడు నూనె దాక్కుని వుంటుంది. "ఎక్స్‌ట్రా వర్జిన్" అని వుంటే పండును నూరి, రసాయనాలు తగలకుండా తీసిన నూనె. మన గానుగ నూనెకు అక్కచెల్లెలనుకోండి. తరువాత బరువు. రెండంకెలుంటాయి. నూనె వంచేశాక మిగిలే చేప బరువే అసలు లెక్క. నా చేతిలోని 160 గ్రాముల డబ్బాలో చేప 112 గ్రాములు.

"సాలిడ్" అంటే గట్టి ముక్క, "చంక్" అంటే చిన్న ముక్కలు, "ఫ్లేక్" అంటే పొడి. జాతిలో స్కిప్‌జాక్ చవక, తెల్లని కండగల ఆల్బకోర్ ప్రియం. "వెంట్రెస్కా" అని వుంటే పొట్టభాగం, అన్నిటికంటె మెత్తన. ప్రియమైనదల్లా అందరికీ పెట్టకూడదు సుమా! ఆల్బకోర్‌లో పాదరసం స్కిప్‌జాక్ కంటె యెక్కువ. గర్భిణులకూ పసిపిల్లలకూ చవకదే మేలు, అదీ మితంగా. "పోల్ అండ్ లైన్" అన్న మాట కనబడితే పెద్ద వలలతో గాక, గాలపు కర్రతో వొక్కొక్కటిగా పట్టిన చేప అని అర్థం. మన లక్షద్వీపాల్లో మినికాయ్ జాలరులు తరతరాలుగా పట్టేది యిట్లాగే.

(యీ నిలవ విద్యకు ఆద్యుడు నికోలా అపెర్ అనే ఫ్రాన్సు దేశపు మిఠాయివాడు. ఆహారాన్ని సీసాలో మూసి వుడికించే పద్ధతికి 1810లో ప్రభుత్వంనుంచి 12,000 ఫ్రాంకులు పుచ్చుకున్నాడు. మన ఆవకాయ జాడీలకు యెవరూ యేమీ యివ్వలేదు, ఆ సంగతి వేరు.)

వడ్డన తనే చేసింది. ఖరీదైన డబ్బాను పొయ్యి దగ్గరకు పోనివ్వలేదు. ఫ్రిజ్‌లో నూనె పేరుకుంటుంది గనుక అరగంట ముందే బయట పెట్టింది. ముక్కలు విరగకుండా ఫోర్కుతో తీసి పళ్లెంలో పరిచి, పైన ఆ నూనే కొంచెం పోసింది. నీళ్లలో నానబెట్టి పిండిన సన్నని వుల్లిపాయ చీలికలు, నిమ్మరసం, మిరియాల పొడి, అంతే. మా యింటావిడ వుల్లికారం తెస్తే, "అది దోశకు పెట్టుకుందాం వదినా, దీనికొద్దు" అని పక్కకు జరిపింది. వేడి జొన్నరొట్టె తుంచి, నూనెలో అద్ది, ముక్కతో తిన్నాము. జొన్న తీపికీ ఆ వుప్పదనానికీ యే జన్మసంబంధమో! మిగిలితే గాజుగిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి రెండురోజుల్లో తినేయమంది. వుబ్బిన డబ్బానైతే తెరవకుండానే పారేయాలట.

"మీ యింటివాళ్లు రోజూ యిదే తింటారా?" అని అడిగింది మా యింటావిడ.

"వాళ్లకు ఈ డబ్బా. రాత్రి గిన్నెలు కడుక్కున్నాక నాకు ఆ డబ్బా, ఖుబ్బూసులో పెట్టుకోని" అంటూ చవకదాన్ని చూపింది. కాసేపాగి, "దీన్ని పద్నాలుగేండ్లుగా ఎన్ని తెరిచినానో వదినా. కూచోని తినింది ఈ పొద్దే" అంది.

మా యింటావిడ మాట్లాడకుండా లేచి మరో రొట్టె తట్టింది.

పద్నాలుగేళ్లలో ఆమెను మేము జీతమడిగాము, బంగారం ధర అడిగాము, వీసా సంగతి అడిగాము. అక్కడ యేమి వండుతావని యెవరూ అడిగినట్టు లేదు.

చవక డబ్బాను యేం చేయాలన్నాను. వుల్లిపాయ, పచ్చిమిర్చి బాగా వేగాక చివరలో వేసి, వొక్క నిమిషం కలిపి దించాలంది. "దాన్ని తక్కువ చేసి చూడొద్దన్నా. నన్ను సాకింది అదే."

మరునాడు పొద్దున దోశలలోకి అదే చేసుకున్నాము.