నెత్తి నిమిరితే నెత్తికెక్కారు!

ఇంట్లో ఇద్దరు మగపిల్లలుంటే రోజూ ఎన్ని పంచాయితీలు తీర్చాలో మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఇద్దరు కాదండీ, నలుగురు! ఇద్దరు నా కడుపున పుట్టినవాళ్లు. మిగతా ఇద్దరూ కొట్టంలో ఉండే పొట్టేళ్లు.

నవ్వకండి. ఆ ఇద్దరి వల్ల నేను పడిన అవస్థ వింటే, పెరట్లో జీవాల్ని పెంచే అక్కచెల్లెళ్లకి పనికొస్తుందనే ఇది రాస్తున్నాను.

మావి నెల్లూరు జాతి గొర్రెలు. ఎర్రగా ఉండే రకాన్ని 'దొర' అంటారు కాబట్టి పెద్దదానికి ఆ పేరే ఉండిపోయింది. రెండోది తెల్లని ఒంటి మీద కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టుండే జోడిపి. దీని తల్లి ఈనగానే చచ్చిపోయింది. పాలసీసా పట్టి నేనే పెంచాను. చిన్నోడని పిలుచుకున్నాం. వంటింట్లోకి వచ్చి నా కొంగు నమిలేవాడు. మా పిల్లలు వాడి నుదుటి మీద అరచెయ్యి ఆనించి "ఢీ... ఢీ" అంటే ముచ్చటగా నెట్టేవాడు. అందరం చూసి మురిసిపోయాం. ఆ మురిపెమే మా కొంప ముంచింది!

చిన్నోడికి ఏడాదిన్నర నిండింది. తొలకరి పడ్డాక గొర్రెలు ఎదకొచ్చాయి. ఒకరోజు తెల్లారగట్ల కొట్టంలో బండ మీద కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడు. వెళ్లి చూద్దును కదా, ఇద్దరూ పదేసి అడుగులు వెనక్కి నడవడం, పరిగెత్తుకొచ్చి తలలు బాదుకోవడం! దొరకి కొమ్ము మొదట్లో చీరుకుపోయి నెత్తురు కారుతోంది. మా వారు మధ్యలోకి వెళ్లబోతే అత్తయ్య కేకేసి ఆపింది. ఆ మాట మీరూ గుర్తుంచుకోండి. పొట్టేళ్ల మధ్యకి మనిషి వెళ్లకూడదు. తలుపు రెక్కో, రేకు ముక్కో అడ్డం పెట్టాలి.

ఎలాగో విడదీశాం. నేను గుప్పెడు పసుపు అద్ది, పాత చీర పేలిక బిగించి కట్టేసి, పెద్ద వైద్యం చేసినట్టు పొంగిపోయాను. మూడో రోజుకి దొర మేత ముట్టలేదు. ఊరికే తల విదిలిస్తున్నాడు. కట్టు విప్పితే ఏం చెప్పను... కుళ్లు వాసన, లోపల పురుగులు! అక్కడే కూలబడి ఏడ్చాను.

పశువుల డాక్టరుగారు వచ్చి మెల్లగా మందలించారు. "పసుపు పెట్టడం తప్పు కాదమ్మా, కడక్కుండా పెట్టి మూసెయ్యడం తప్పు. ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులోనే పురుగులవుతాయి" అన్నారు. దూదిని టర్పెంటైన్‌లో తడిపి కాసేపు ఉంచి, పైకొచ్చిన పురుగుల్ని శ్రావణంతో తీసి, శుభ్రంగా కడిగారు. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ కూడా ఇచ్చారు.

ఆయన చెప్పింది మీకూ చెబుతాను. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడొద్దు. తర్వాత గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించండి. అరలీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపి ధారగా పోసి కడగండి. పైన పోవిడోన్ అయొడిన్ రాయండి. గాయంలో కాకుండా చుట్టూ వేపనూనె రాస్తే ఈగ వాలదు. రెండు పూటలా చూడండి. డీజిలు, సున్నం, కారం లాంటివి దగ్గరికి కూడా రానివ్వొద్దు. గొర్రెకి మామూలుగానే 102, 103 డిగ్రీల వేడి ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. అంతకు మించినా, మేత మానేసినా, కన్ను దగ్గర దెబ్బ తగిలినా ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ని పిలవండి.

దొర కోలుకున్నాడు. మళ్లీ ఇద్దర్నీ కలిపితే మళ్లీ యుద్ధమే! అప్పుడు మా ఊరి కాపరి తాత ఉపాయం చెప్పాడు. "పరిగెత్తే జాగా ఇస్తేనే కదమ్మా తల పగిలేది!" అని, ఇద్దరూ పక్కపక్కన నిలబడేంత ఇరుకు దడి కట్టించి, అందులో రెండు రోజులు ఉంచాడు. నీళ్లూ మేతా అక్కడే, చెరొక తొట్టిలో. గొర్రెల్ని దూరంగా కట్టేశాం. వెనక్కి నడవడానికి చోటు లేక, ఒకరినొకరు వాసన చూసుకుని సర్దుకున్నారు. బయటికి వదిలాక రెండుసార్లు గీరగా చూసుకున్నారంతే.

అసలు కష్టం తర్వాత వచ్చింది. ఒక సాయంత్రం చిన్నోడు అత్తయ్యని వెనకనుంచి కుమ్మేశాడు. మోకాలు వాచి ఆవిడ వారం రోజులు మంచం దిగలేదు. "సంతకి తోలేద్దాం" అన్నారు మా వారు. నాకు నోట మాట రాలేదు. అత్తయ్యే మంచం మీంచి "అది కోడలు చేతి పాలు తాగిన జీవం. తప్పు దానిది కాదురా, మనం నేర్పిందే" అంది.

నిజమే. మంద మధ్య పెరిగిన పొట్టేలుకి మనిషంటే బెదురుంటుంది. సీసాపాలతో ఇంట్లో పెరిగినవాడు మనల్నీ సాటి పొట్టేలు కిందే జమకడతాడు. డాక్టరుగారు బర్డిజో సాధనంతో, నెత్తురు చుక్క రాకుండా విత్తులు నొక్కారు. కొన్ని వారాలకి కోపం తగ్గింది. అయితే పూర్తిగా మారాడని మాత్రం చెప్పను. కుమ్మే అలవాటు పోలేదు. పిల్లలొస్తుంటే ఇప్పటికీ కట్టేస్తాం. పసితనంలోనే చేయించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

ఈ ఏడు మళ్లీ ఒక తల్లి లేని మగపిల్ల మా పాలబడింది. సీసా నేనే పడుతున్నాను, కానీ దడి ఇవతల నిలబడి! పాలు తాగగానే మందలోకి తోలేస్తున్నాను. దాని నుదుటి మీద చెయ్యి వెయ్యబోతే మా చిన్నవాణ్ణి అత్తయ్య కర్రతో అదిలిస్తోంది. మీ ఇంట్లోనూ అలాంటి పసికూన ఉంటే కడుపు నింపండి, గడ్డం కింద నిమరండి. నెత్తి మాత్రం ముట్టుకోకండి!