ఇంజనులో నూనె పీడనం

మోటారు కారును గురించి ముచ్చటించేవారు పెట్రోలును తలచినంతగా ఇంజను నూనెను తలచరు. పెట్రోలు అయిపోతే బండి ఆగుతుంది. మళ్ళీ పోస్తే కదులుతుంది. నూనె అందకపోతే మాత్రం కొద్ది నిమిషాలలోనే బేరింగులు కాలి ఇంజను పట్టుకుపోతుంది. ఇంతటి నూనెను గురించి లోకంలో ఒక అపోహ ఉన్నది. పీడనాన్ని పంపే పుట్టిస్తుందనీ, అది ఎంత హెచ్చితే ఇంజనుకు అంత క్షేమమనీ చాలామంది నమ్మకం.

నిజానికి పంపు కలిగించేది ప్రవాహం మాత్రమే. అది సంపులోని నూనెను పీల్చి, ఫిల్టరు గుండా ప్రధాన నాళంలోకి నెడుతుంది. అక్కడినుండి నూనె మెయిన్ బేరింగులకు, క్రాంక్ షాఫ్టులోని రంధ్రాల ద్వారా కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు చేరుతుంది. దారిలోని ఇరుకు ఆ ప్రవాహాన్ని అడ్డగించినప్పుడు పుట్టేదే పీడనం. షాఫ్టుకూ బేరింగుకూ నడుమ సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అనుకొందాం. అరిగి అది రెట్టింపైతే, అదే పీడనం వద్ద కారిపోయే నూనె ఎనిమిది రెట్లవుతుంది! ప్రవాహం సందు యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక. అంత నూనెను పంపు అందించలేదు, పీడనం పడిపోతుంది.

ఈ సంగతి మాకు పుస్తకంలోకంటె ఒక పాత అంబాసిడరు వద్ద బాగా బోధపడింది. మా సహాధ్యాయి తండ్రిగారు దానిని పెళ్ళిళ్ళకు బాడుగకు తిప్పుతారు. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, ఆ ఇంటికి జీవనాధారం అదే. ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆయిల్ దీపం మిణుకుమనేది. వేగం పెంచితే ఆరిపోయేది. వేడికి నూనె పలుచబడుతుంది, పంపూ మెల్లగా తిరుగుతుంది. లోపం ముందుగా బయటపడేది అప్పుడే. చిక్కని నూనె పోస్తే చాలునని నలుగురూ సలహా ఇచ్చారు. షెడ్డులోని ఉస్తాద్ ఒప్పుకోలేదు.

"దీపం ఆర్పడానికైతే వైరు పీకితే చాలదా, భాయ్?" అన్నాడు.

అతని మాటలో శాస్త్రం ఉన్నది. చిక్కని నూనె సందులోనుండి త్వరగా జారదు గనుక పీడనం పెరిగినట్లు కనిపిస్తుంది. కాని అది సన్నని దారులలో అంత మెల్లగానే పోతుంది. చలి ఉదయాలలో రిలీఫ్ వాల్వు తెరచుకొని చాలా నూనె తిరిగి సంపులోకే పడుతుంది. బేరింగు వేడిని మోసుకుపోవలసినది కదిలే నూనె కదా!

అసలు షాఫ్టు బరువును మోసేది పంపు పీడనమే కాదు. 1883లో ఇంగ్లండులో బీచాంప్ టవర్ రైలు బేరింగులను పరీక్షిస్తూ, ఒక బేరింగు పైభాగాన రంధ్రం చేశాడు. దానిని కొయ్య బిరడాతో మూస్తే నూనె ఆ బిరడాను పైకి నెట్టివేసింది. మాపకం పెడితే చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. సగటు భారం 100 పౌండ్లే! అక్కడ పంపే లేదు. తిరిగే ఇరుసే నూనెను ఇరుకులోకి లాగి ఆ పీడనాన్ని కల్పించింది. 1886లో ఆస్‌బర్న్ రెనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతం చెప్పాడు. పంపు పని ఆ చోటికి నూనెను ఎడతెగకుండా అందించడమే.

ముహూర్తాలు దగ్గరపడుతున్నా అంబాసిడరు ఇంజను విప్పించారు. బేరింగుల పైపూత అరిగి లోపలి రాగి రంగు బయటపడింది. రెండు నెలల బాడుగ సొమ్ము ఖర్చయింది. క్రాంకును సానపట్టించి, అండర్ సైజు బేరింగులు వేశారు. నూనె పాత రకమే. పంపును మార్చనే లేదు. ఎంత వేడెక్కినా దీపం మళ్ళీ వెలగలేదు.